భాగం 6: కొత్తగా బండి నేర్చుకొనేవారికి రహదారి నియమాలు, భద్రతా సూత్రాలు

6.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• రహదారి నియమాల అవసరాన్ని వివరించగలుగుతారు.
• లెర్నర్ లైసెన్సు నుంచి శాశ్వత లైసెన్సు వరకు ఉన్న దశలను వరసగా చెప్పగలుగుతారు.
• రహదారి గుర్తులు, గీతలు, చేతి సైగల అర్థాలను గుర్తించగలుగుతారు.
• వేగానికీ, బండి ఆగే దూరానికీ ఉన్న సంబంధాన్ని లెక్కకట్టగలుగుతారు.
• లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే కుటుంబంపై పడే ఆర్థిక భారాన్ని అంచనా వేయగలుగుతారు.

6.1 విషయ పరిచయం

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని లింగాల మండలాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఇది చీనీ, అరటి తోటల సీమ. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. కాయలు మార్కెట్టుకు చేరాలన్నా, పిల్లలు పైచదువులకు పులివెందుల వెళ్లాలన్నా, రాత్రివేళ మోటారు వేయడానికి తోటకు పోవాలన్నా అందరికీ దిక్కు రోడ్డే. ఒకే రోడ్డు మీద కాయల లోడుతో లారీ, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు, ఆటో, గొర్రెల మంద, నడిచిపోయేవారు, మోటారు సైకిలు మీద కొత్తగా ఎక్కిన కుర్రవాడు కలిసి ప్రయాణిస్తారు.

ఇటువంటి పల్లెల్లో బండి తోలడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. అన్న వెనక కూర్చొని చూసి, పొలం దారిలో రెండు రోజులు తిప్పి, మూడోరోజు తారు రోడ్డు ఎక్కడమే అలవాటు. క్లచ్చు, గేరు, బ్రేకు చేతికి వస్తే బండి వచ్చేసినట్లే అనుకొంటారు. అయితే బండిని అదుపులో ఉంచడం ఒక విద్య, ఇతరులతో రోడ్డును పంచుకోవడం వేరొక విద్య. మొదటిది అభ్యాసంతో వస్తుంది. రెండోది నియమాలు తెలిస్తేనే వస్తుంది.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. మొత్తం మరణాల్లో సుమారు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లో సంభవించాయి. పట్నంలోనే ప్రమాదాలు, పల్లె రోడ్డు ఖాళీ కాబట్టి భయం లేదన్న నమ్మకం తప్పని ఈ అంకెలు చెబుతున్నాయి.

6.2 నియమం ఎందుకు?

మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. అమెరికాలో కుడివైపు నడుస్తాయి. ఈ రెండింటిలో ఏది సరైనదని అడిగితే సమాధానం లేదు. స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3న ఎడమ నుంచి కుడికి మారింది. ఆ తెల్లవారుజామున దేశమంతటా బండ్లు ఆగి, రెండోవైపుకు మారి, మళ్లీ కదిలాయి. అందరూ కలిసి మారారు కాబట్టి అది సాధ్యమైంది. ఆ రోజు ఒక్కరు పాత పద్ధతినే పాటించినా ప్రమాదమే.

దీన్నిబట్టి రహదారి నియమమంటే అపరిచితుల మధ్య ఒప్పందమని గ్రహించవచ్చు. మలుపు అవతల వస్తున్న లారీ డ్రైవరు ఎవరో మనకు తెలియదు. అతడు తన ఎడమవైపే ఉంటాడన్న నమ్మకంతో మనం మలుపు తిరుగుతాం. మన గురించి అతని నమ్మకం కూడా అదే. ఈ నమ్మకాన్ని నిలబెట్టడమే నియమాల పని. పోలీసు ఉన్నచోట పాటించి లేనిచోట వదిలేస్తే ఒప్పందం ఉండదు.

మన దేశంలో మోటారు వాహనాలకు 1914లో మొదటి చట్టం, 1939లో రెండో చట్టం వచ్చాయి. ఇప్పుడు అమలులో ఉన్న మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. ఇది 1989 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. 2019లో దీనికి పెద్ద సవరణ జరిగింది. రోడ్డు మీద ఎలా నడపాలన్న వివరాలు 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలలో ఉన్నాయి.

6.3 లైసెన్సు దశలు

6.3.1 వయసు: గేర్లున్న మోటారు సైకిలు, కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సీసీకి మించని, గేర్లు లేని బండికి 16 ఏళ్లు చాలు. అయితే నేడు మార్కెట్టులో కనిపించే పెట్రోలు స్కూటర్లు సాధారణంగా 100 సీసీ దాటినవే. గేర్లు లేవు కదా అని వాటిని 16 ఏళ్ల పిల్లలకు ఇవ్వకూడదు.

6.3.2 లెర్నర్ లైసెన్సు: దరఖాస్తును రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల ద్వారా పంపాలి. రహదారి గుర్తులు, నియమాలపై ప్రశ్నలుండే పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఈ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. ఈ కాలంలో బండికి ముందు, వెనక తెల్లని నేపథ్యంపై ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. లైసెన్సు ఉన్న శిక్షకుడు పక్కన ఉండాలి. మోటారు సైకిలైతే శిక్షకుణ్ణి తప్ప మరెవరినీ వెనక కూర్చోబెట్టుకోకూడదు.

6.3.3 శాశ్వత లైసెన్సు: లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తరవాతే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. 30 ఏళ్లలోపు తీసుకొన్న లైసెన్సు 40 ఏళ్లు వచ్చేవరకు చెల్లుతుంది. లైసెన్సు, బండి పత్రాలను డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది.

డ్రైవింగ్ పరీక్ష పగటిపూట, కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. చీకట్లో ఎదురు లైట్లు కళ్లలో పడినప్పుడు ఏం చేస్తారో, లోడు ట్రాక్టరును ఎలా దాటుతారో ఆ పరీక్షలో తేలదు. కనుక లైసెన్సు చేతికి వచ్చాక కూడా కొన్ని నెలలపాటు మిమ్మల్ని మీరు అభ్యాసకులుగానే భావించుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I
1. లెర్నర్ లైసెన్సు ఎంతకాలం చెల్లుతుంది?
2. లెర్నర్ లైసెన్సుతో స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టుకోవచ్చా? కారణం తెలపండి.

6.4 రోడ్డు భాష

6.4.1 గుర్తులు: గుర్తు ఆకారాన్ని బట్టే దాని స్వభావం తెలుస్తుంది. ఎర్రని అంచున్న వృత్తం 'చేయకూడదు' అని చెబుతుంది. నీలి వృత్తం 'ఇలాగే చేయాలి' అని చెబుతుంది. ఎర్రని అంచున్న త్రిభుజం ముందున్న మలుపును, వంతెనను, బడిని గురించి హెచ్చరిస్తుంది. దీర్ఘచతురస్రం ఊరి పేరు, ఆసుపత్రి, పెట్రోలు బంకు వంటి సమాచారం ఇస్తుంది. రెండు గుర్తుల ఆకారాలు ప్రత్యేకమైనవి. ఎనిమిది భుజాలది 'ఆగుము', తలకిందుల త్రిభుజం 'దారి ఇవ్వండి'. మట్టి కొట్టుకొని అక్షరాలు కనిపించకపోయినా వీటిని ఆకారంతోనే గుర్తించవచ్చు.

6.4.2 గీతలు: రోడ్డు మధ్య తెగి తెగి ఉన్న తెల్లగీత ఉంటే, ఎదుట ఖాళీ ఉన్నప్పుడు దాన్ని దాటి ముందు బండిని అధిగమించవచ్చు. తెగని గీత ఉన్నచోట దాటకూడదు. జంట పసుపు గీతలను రెండువైపులవారూ దాటకూడదు. ఇటువంటి గీతలు మలుపుల దగ్గర, మిట్టల దగ్గర, అంటే ఎదుటి బండి కనిపించనిచోట గీస్తారు. గీత లేని పల్లె రోడ్డు మీద కూడా మలుపు మలుపే. అక్కడ గీత ఉన్నట్లే భావించాలి.

6.4.3 చేతి సైగలు: ఇండికేటరు పనిచేయనప్పుడు, పట్టపగటి ఎండలో అది సరిగా కనిపించనప్పుడు చేతి సైగ అవసరమవుతుంది. కుడివైపు తిరగడానికి కుడిచేతిని బారుగా చాపాలి. ఆగడానికి ముంజేతిని నిలువుగా పైకెత్తాలి. వేగం తగ్గించేటప్పుడు అరచేయి నేలవైపు ఉంచి చేతిని పైకీ కిందికీ ఆడించాలి. సైగ తిరిగే ముందు చేయాలి, తిరుగుతూ చేస్తే ప్రయోజనం లేదు.

6.5 దారి ఎవరిది?

6.5.1 ప్రధాన రోడ్డు: తోట దారి నుంచి తారు రోడ్డు ఎక్కేవారు ఆగి, ప్రధాన రోడ్డు మీద వచ్చేవారిని ముందు పోనివ్వాలి. ట్రాక్టరైనా, సైకిలైనా ఇదే నియమం. చీనీ చెట్లు, కంచెలు, కంపచెట్లు రోడ్డు అంచు వరకు పెరిగినచోట రెండువైపులా చూపు ఆనదు. అక్కడ బండిని పూర్తిగా ఆపి, కాస్త ముందుకు జరిపి, మళ్లీ చూసి కదలాలి.

6.5.2 కూడలి: సిగ్నలు లేని, రెండూ సమానమైన రోడ్లు కలిసే కూడలిలో మనకు కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి.

6.5.3 ఏటవాలు దారి: ఇరుకైన ఘాట్ రోడ్డులో ఎక్కుతున్న బండికి దిగుతున్న బండి దారి ఇవ్వాలి. ఎక్కేటప్పుడు ఆగిన లోడు బండిని మళ్లీ కదిలించడం కష్టం. ఈ నియమానికి కారణం అదే.

6.5.4 కుడివైపు తిరగడం: కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రోడ్డు ఎడమ అంచు నుంచి ఒక్కసారిగా కుడికి కోయకూడదు. ముందు అద్దంలో చూడాలి, సైగ చేయాలి, క్రమంగా రోడ్డు మధ్యకు రావాలి, భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూడాలి. ఎదురు బండ్లు పోయిన తరవాతే తిరగాలి.

6.6 వేగం, ఆగే దూరం

6.6.1 లెక్క: అపాయాన్ని చూసిన క్షణానికీ, బ్రేకు వేసిన క్షణానికీ మధ్య కొంత కాలం గడుస్తుంది. దాన్ని సుమారు ఒకటిన్నర సెకను అనుకొందాం. ఆ కాలంలో బండి అదే వేగంతో పోతుంది. ఇది స్పందన దూరం. బ్రేకు పడిన తరవాత ఆగేవరకు పోయేది బ్రేకు దూరం. పొడి తారు రోడ్డు, మంచి టైర్లు, మంచి బ్రేకులు ఉన్నాయని, ప్రతి సెకనుకూ బండి వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందని అనుకొంటే లెక్క ఇలా వస్తుంది:

గంటకు 40 కి.మీ.: స్పందన దూరం 17 మీ. + బ్రేకు దూరం 12 మీ. = 29 మీ.
గంటకు 60 కి.మీ.: స్పందన దూరం 25 మీ. + బ్రేకు దూరం 28 మీ. = 53 మీ.
గంటకు 80 కి.మీ.: స్పందన దూరం 33 మీ. + బ్రేకు దూరం 49 మీ. = 82 మీ.

వేగం 40 నుంచి 80కి రెట్టింపయింది. బ్రేకు దూరం మాత్రం నాలుగింతలయింది. కదిలే వస్తువు శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరగడం దీనికి కారణం. రోడ్డు మీద ఇసుక, తొలకరి వాన తడి, ఆరబోసిన పంట ఉంటే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. అటువంటిచోట ముందు బ్రేకును గట్టిగా పట్టితే చక్రం జారుతుంది. ముందే వేగం తగ్గించుకొని, రెండు బ్రేకులనూ కలిపి మెల్లగా వేయాలి.

6.6.2 రాత్రి ప్రయాణం: డిమ్‌లో ఉన్న లైటు వెలుగు కొన్ని పదుల మీటర్లకు మించి పడదు. వెలుగు 40 మీటర్ల వరకే ఉండి, మీరు 60 కి.మీ. వేగంతో పోతుంటే, ఆగడానికి 53 మీటర్లు కావాలి. అంటే వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన ట్రాలీ కనిపించేసరికే ఆగే అవకాశం దాటిపోయింది. కనిపించే దూరంలోపల ఆగగలిగే వేగమే రాత్రివేళ సరైన వేగం. ఎదురు బండి లైట్లు కళ్లలో పడితే వాటివైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచును చూస్తూ వేగం తగ్గించాలి. మన లైటును కూడా డిమ్ చేయాలి. ట్రాలీ ఉన్న రైతులు వెనక రెండు మూలలా ఎర్రని రిఫ్లెక్టరు పట్టీలు అతికించాలి. ఖర్చు స్వల్పం, అవి వెనక వచ్చేవారి ప్రాణాన్ని కాపాడతాయి.

6.6.3 అధిగమించడం: ముందు బండిని కుడివైపు నుంచే దాటాలి. 25 కి.మీ. వేగంతో పోతున్న ట్రాక్టరును మీరు సగటున 45 కి.మీ. వేగంతో దాటడానికి సుమారు 6 సెకన్లు పడుతుంది. ఆ 6 సెకన్లలో మీరు 75 మీటర్లు పోతారు. ఎదురుగా 80 కి.మీ. వేగంతో వస్తున్న కారు 133 మీటర్లు వస్తుంది. అంటే దాటడం మొదలుపెట్టినప్పుడు ఆ కారు 208 మీటర్లకంటే దగ్గరగా ఉంటే మీకు చోటు లేదు. భద్రత కోసం ఇంకొంత దూరం కలుపుకోవాలి. అంత దూరం కనిపించనిచోట ట్రాక్టరు వెనకే పోవాలి. అర నిమిషం ఆలస్యమైనా నష్టం లేదు.

6.6.4 ఫోను: 60 కి.మీ. వేగంతో పోతూ రెండు సెకన్లు ఫోను చూస్తే, 33 మీటర్ల దూరం రోడ్డును చూడకుండా పోయినట్లే. చేత్తో ఫోను వాడుతూ నడపడం చట్టం దృష్టిలో ప్రమాదకర డ్రైవింగ్.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II
1. స్పందన దూరం అంటే ఏమిటి?
2. రాత్రివేళ సరైన వేగాన్ని ఎలా నిర్ణయించుకోవాలి?

6.7 శరీర రక్షణ

6.7.1 హెల్మెట్: 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాలకు గురై 50,029 మంది చనిపోయారు. వీరిలో 14,337 మంది వెనక కూర్చొన్నవారు. హెల్మెట్ మరణావకాశాన్ని సుమారు 42 శాతం, తలగాయాల అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుందని అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష తెలిపింది. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ, నడిపేవారైనా వెనకవారైనా, హెల్మెట్ పెట్టుకోవాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్నదాన్నే కొనాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే దెబ్బ తగలకముందే అది ఎగిరిపోతుంది. తోట దగ్గరే కదా అని ట్యాంకు మీద పెట్టుకొని పోయిన హెల్మెట్ ఎవరినీ కాపాడదు.

6.7.2 పిల్లలు, ముగ్గురు: మోటారు సైకిలు మీద నడిపేవారు కాక ఒక్కరే ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకుపోయేటప్పుడు భద్రతా పట్టీ వాడాలి. బండి వేగం 40 కి.మీ. మించకూడదు. ఈ నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది.

6.7.3 మద్యం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మద్యం స్పందన కాలాన్ని పెంచుతుంది. అందువల్ల 6.6.1లో చూపిన ప్రతి అంకే పెరుగుతుంది.

6.8 లైసెన్సు, బీమా, కుటుంబ ఆస్తి

లైసెన్సు లేకపోతే జరిమానాతో సరిపోతుందని చాలామంది అనుకొంటారు. అసలు నష్టం వేరేచోట ఉంది.

ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మన బండివల్ల ఇతరులకు ప్రాణనష్టం, గాయం కలిగితే పరిహారాన్ని బీమా కంపెనీ చెల్లిస్తుంది. బీమా గడువు తీరిపోయి ఉంటే ఆ మొత్తం యజమాని చెల్లించాలి. బీమా ఉండి, నడిపినవారికి లైసెన్సు లేకపోతే ఏమవుతుంది? నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ, స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఈ విషయాన్ని వివరించింది. దెబ్బతిన్న కుటుంబానికి పరిహారం ఆగకూడదు. యజమాని తగిన జాగ్రత్త తీసుకోకుండా లైసెన్సు లేనివారికి బండి ఇచ్చినట్లు రుజువైతే, కంపెనీ ముందు చెల్లించి తరవాత ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. పరిహారాలు లక్షల్లో ఉంటాయి. నాలుగెకరాల తోట తప్ప మరేమీ లేని కుటుంబానికి దీని అర్థం ఏమిటో చెప్పనవసరం లేదు.

యజమాని తానే నడుపుతూ చనిపోతే కుటుంబానికి అందే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలు. దానికి కూడా చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి.

18 ఏళ్లలోపు పిల్లలు బండి నడిపి నేరానికి పాల్పడితే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులను లేదా యజమానిని బాధ్యులను చేస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లెర్నర్ లైసెన్సు ఇవ్వరు. బండి తాళం ఇచ్చే ముందు ఇంటి పెద్దలు ఈ విషయం తెలుసుకోవాలి.

6.9 ప్రమాదం జరిగినప్పుడు

ప్రమాదం తరవాతి మొదటి గంటను చట్టం 'గోల్డెన్ అవర్' అని నిర్వచించింది. ఈ గంటలో వైద్యం అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ. వెంటనే 108కి ఫోను చేయాలి. ఊరి పేరుతోపాటు దగ్గరి కిలోమీటరు రాయి అంకెను చెబితే అంబులెన్సు త్వరగా చేరుతుంది. వెనక వచ్చే బండ్లకు తెలిసేలా హెచ్చరిక ఏర్పాటు చేయాలి. మెడ, వెన్ను దెబ్బతిన్నవారిని మంటలు వంటి అపాయం ఉంటే తప్ప కదిలించకూడదు. కారుతున్న రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి.

ప్రమాదంలో ఉన్న డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. పోలీసులకు వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా తెలియజేయాలి. సాయం చేస్తే కోర్టుల చుట్టూ తిరగాలన్న భయంతో చాలామంది తప్పుకొంటారు. 2016లో సుప్రీంకోర్టు తీర్పు, తరవాత చట్టంలో చేరిన 134ఎ సెక్షను ఇటువంటి సహాయకులకు రక్షణ కల్పించాయి. వారు పేరు, చిరునామా చెప్పాలని బలవంతం చేయకూడదు.

6.10 సారాంశం

రహదారి నియమాలు అపరిచితుల మధ్య ఒప్పందం. లైసెన్సు ఆ ఒప్పందంలో చేరడానికి అర్హత. వేగం పెరిగినకొద్దీ ఆగే దూరం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. కనిపించే దూరంలోపల ఆగగలగడం, దూరం లెక్క చూసుకొని అధిగమించడం, హెల్మెట్ పట్టీ బిగించడం కొత్తవారు మొదట అలవరచుకోవలసిన మూడు అలవాట్లు. లైసెన్సు, బీమా లేని బండి ఎదుటివారితోపాటు సొంత కుటుంబానికీ నష్టం తెస్తుంది.

6.11 పదకోశం

స్పందన దూరం: అపాయాన్ని చూసినప్పటి నుంచి బ్రేకు వేసేవరకు బండి పోయే దూరం.
అధిగమించడం: ముందు పోతున్న బండిని కుడివైపు నుంచి దాటిపోవడం.
థర్డ్ పార్టీ బీమా: మన బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికి పరిహారం చెల్లించే బీమా.

6.12 కృత్యం

మీ ఊరి నుంచి మండల కేంద్రానికి పోయే రోడ్డును పగలు ఒకసారి నెమ్మదిగా పరిశీలించండి. చూపు ఆనని మలుపులు, రోడ్డులో కలిసే తోట దారులు, వంకల మీది కల్వర్టులు, బడులు ఎక్కడున్నాయో కాగితం మీద గీయండి. ఒక్కొక్కచోట ఎంత వేగం తగినదో రాయండి. ఇంట్లో బండి నడిపేవారందరికీ ఆ పటాన్ని చూపి చర్చించండి.

6.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వేగానికీ, ఆగే దూరానికీ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. లైసెన్సు లేకుండా బండి నడపడంవల్ల కుటుంబంపై పడే చట్టపరమైన, ఆర్థికపరమైన భారాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రహదారి గుర్తులను ఆకారాన్ని బట్టి వర్గీకరించండి.
2. తోట దారి నుంచి ప్రధాన రోడ్డు ఎక్కేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?
3. ప్రమాదస్థలంలో సహాయకుల బాధ్యతలను, వారికున్న రక్షణను తెలపండి.